సన్యాసయ్య తాత పాఠం

ఆండాళ్ ఇసకలపేట బడికి మొదటిసారి వెళ్ళిన రోజున ముసురు పట్టి ఉంది. టెక్కలి నుంచి పూండి దాకా బస్సు, పూండి నుంచి ఆటో. ఆటోవాడు ఇసక దారి మొదట్లోనే దింపేస్తే జీడితోటల మధ్య నుంచి మిగతా దూరం నడిచి, చీర కుచ్చిళ్ళు తడుపుకుని బడికి చేరింది.

టెక్కలిలో వాళ్ళ నాన్నగారు పెరుమాళ్ళ గుడిలో అర్చకులు. ఆండాళ్ మాత్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే శిక్షణ పూర్తిచేసి, ఏడేళ్ళుగా ఈ మండలంలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తోంది. ఆమె లెక్కన నలభై ముగ్గురు పిల్లలు. నడవలేనివాళ్ళు, చూపు ఆననివాళ్ళు, ఎనిమిదేళ్ళు వచ్చినా మాట రానివాళ్ళు, ఒకచోట కుదురుగా కూర్చోలేనివాళ్ళు. రోజుకో ఊరు తిరుగుతుంది. ఏ ఊరి పిల్లకైనా వారానికి ఒక రోజు దక్కితే గొప్ప.

ఇసకలపేట ప్రధానోపాధ్యాయుడు వేంకటాచలం మాస్టారు ఆమెకు గుమ్మంలోనే ఎదురొచ్చి తువ్వాలు ఇచ్చారు. ఆయన రిటైరు కావడానికి ఇంకా మూడేళ్ళుంది. తల తుడుచుకోవడం అయ్యాక ఆమె చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టారు.

"ఈ పిల్ల కోసమేనమ్మా మీకు కబురు పెట్టాను. నాలుగో తరగతి. పేరు సంతోషి. పుట్టుచెవుడు. ఆ రాత చూడండి ముందు."

ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ, పాఠం పేరు, ప్రశ్నలు, జవాబులు, కొట్టివేత ఒక్కటి లేదు. పేజీ చివర సగం పిల్లి బొమ్మ ఉంది. ఆ పిల్లికి తల ఉంది, ఒక్క చెవి ఉంది, ఒళ్ళు లేదు. ఆండాళ్ తలెత్తి నల్లబల్ల చూసింది. ఎవరో పిల్లాడు గీసిన పిల్లిని మాస్టారు సగమే తుడిచినట్టున్నారు. బల్ల మీద ఎంత మిగిలిందో పుస్తకంలో అంతే ఉంది.

"అంతా ఇంతే," అన్నారు మాస్టారు. "బల్ల మీద ఏదుంటే అది దించుతుంది. ఒక్క ముక్కకి అర్థం తెలియదు. మూడేళ్ళుగా నా ఎదురుగా కూర్చుంటోంది. నేను చెప్పేది చెప్పుకుపోతున్నాను. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది, ఇవాళ కూడా ఆ పిల్లకి నేనేమీ చెప్పలేదని."

ఏడేళ్ళలో ఎన్నో బళ్ళు చూసింది ఆండాళ్. 'ఈ పిల్లని ఎటైనా తీసుకుపొండి' అన్నవాళ్ళు ఎక్కువ. తన లోటు తానే చెప్పుకున్న మాస్టారు ఈయనొక్కరే. అందుకే ఈ బడికి వారానికి రెండు రోజులు కేటాయించింది. మిగతా ఊళ్ళ రోజులు ఎలా సర్దాలో తర్వాత చూసుకోవచ్చు అనుకుంది.

సంతోషి తల్లి భవాని ఆ సాయంత్రం బడికి వచ్చింది. చేతులకు ఎండుచేపల పొలుసు ఇంకా అంటుకునే ఉంది. భర్త కామేశ్ గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద పనికి వెళ్ళాడు. ఏడాదికి ఒకసారి, వేట ఆగే నెలల్లో వస్తాడు. అప్పటిదాకా ఇంట్లో ఆమె, కూతురు, మావగారు సన్యాసయ్య.

"చెవికి మిషను ఇచ్చారా?" అని అడిగింది ఆండాళ్.

"ఇచ్చినారమ్మా కేంపులోన. పెట్టగానే తల పట్టుకుని ఏడిసేది. మరి ఒగ్గీసినాం. బియ్యం డబ్బాలో దాసినాను."

"ఊళ్ళో మూగి అంటున్నారేం? సంతోషి అని పేరుంది కదా."

భవాని నేలచూపులు చూసింది. "పేరెట్టి పిలిత్తే ఇంటాదేటమ్మా? అందుకే అందరూ అలగ అనీసినారు. ముందర్లో నాకు కోపమొచ్చీది. తర్వాత నాకూ అలవాటైపోనాది."

మొదటి రెండు నెలలూ ఆండాళ్ వెంట తెచ్చుకున్న విద్యలన్నీ దండగైపోయాయి. బొమ్మల కార్డులు పరిచింది. రైలు, ద్రాక్షపళ్ళు, విమానం, ఎలుగుబంటి. శిక్షణలో నేర్చుకున్న సైగలు ఒక్కొక్కటీ చేసి చూపించింది. సంతోషి ఆమె చేతులకేసి శ్రద్ధగా చూసేది. అదే సైగ అచ్చం అలాగే తిరిగి చేసేది. వేళ్ళ వంపు కూడా తప్పేది కాదు. తర్వాత ఏం చెయ్యాలన్నట్టు ఎదురుచూసేది. పుస్తకంలో పిల్లి బొమ్మ దించినట్టే సైగలు కూడా దించుతోందని ఆండాళ్‌కు అర్థమైన రోజున పూండి బస్టాపులో నిలబడి, ఎదురుగా వచ్చిన బస్సు ఎక్కడం మరిచిపోయింది.

సెప్టెంబరు చివర ఒక బుధవారం, వికలాంగుల సర్టిఫికెట్ కాగితం మీద భవాని సంతకం కావలసి వచ్చింది. బళ్ళో సంతోషి లేదు, ఇంట్లో భవాని లేదు. పెద్దవల లాగుతున్నారు, అందరూ రేవు దగ్గరే ఉంటారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆండాళ్ చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో దిగింది.

వలను పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీద రెండు జట్లు లాగుతున్నాయి. రెండు జట్ల మధ్యా దూరం బాగా ఉంది. పడవ ఇంజిను మోత, అలల హోరు. మధ్యలో ఇసకదిబ్బ మీద ఒక ముసలాయన నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాడు. నల్లగా, చువ్వలా ఉన్నాడు. నడుముకు ఎర్ర తువ్వాలు. ఆయనే సన్యాసయ్య. ఆయన రెండు చేతులూ ఎత్తి ఏదో చూపిస్తే పడవ పక్కకు తిరిగింది. మళ్ళీ చేతులు మార్చి తిప్పాడు. ఈసారి ఆయన చూస్తున్నది పడవకేసి కాదు. అవతలి జట్టు దగ్గర, మునివేళ్ళ మీద నిలబడి ఉన్న సంతోషికేసి.

సంతోషి ఆయన చేతులు చూసింది. వెనక్కి తిరిగి, తన చేతులు ఎత్తి, అరచేతులు రెండూ కిందికి వంచి ఒక్కసారి ఆపింది. తాడు లాగుతున్న ఇరవై మంది మగవాళ్ళు టక్కున ఆగారు. కాసేపటికి ఆ పిల్ల ఎడమచెయ్యి గుండ్రంగా తిప్పింది. వాళ్ళు మళ్ళీ లాగారు.

ఆండాళ్ అక్కడే ఇసకలో కూర్చుండిపోయింది. పొద్దున్న లేస్తే మూగి అని పిలిచేవాళ్ళు ఆ మగవాళ్ళే. ఆ పిల్ల చెయ్యి లేపితే తాడు ఆపుతున్నదీ వాళ్ళే.

వల ఒడ్డుకు చేరాక ఆమె సన్యాసయ్య దగ్గరికి వెళ్ళి, ఇందాక చేతులతో చూపించిందేమిటని అడిగింది.

"నీరు ఎదురొత్తన్నాది, ఆపండి అన్నానమ్మా. ఇంజిను మోతలో అరిసినా ఇనబడదు గదా. మా తాతల కాడ్నించీ ఇయే సైగలు. పడవకీ పడవకీ, పడవకీ ఒడ్డుకీ."

"సంతోషికి ఎప్పుడు నేర్పారు?"

"నానేటీ నేర్పనేదు. నడక వచ్చిన కాడ్నించీ నా పక్కన నిలబడతాది. అదే నేర్సీసుకున్నాది."

"ఎన్ని సైగలు ఉంటాయి తాతా?"

ముసలాయన ఆలోచనలో పడ్డాడు. ఎవరూ ఆయన్ని అడగని ప్రశ్న అది. "ఏమోనమ్మా. సేపలకి సేప, గాలికి గాలి, నీటికి నీరు. ఎక్కువ పడితే ఒకటి, తక్కువ పడితే ఒకటి. రేపొద్దాం అంటే ఒకటి, ఈరోజింక సాలు అంటే ఒకటి. ఎన్నని సెప్తాను?"

"బడికి వచ్చి నాకు నేర్పుతారా?"

సన్యాసయ్య నవ్వాడు. "సదువు గాదమ్మా ఇది. సేపలోల్ల సైగలు. బడికి నాను ఓటెయ్యడానికి తప్ప ఎల్లనేదు."

"ఇదే చదువు తాతా. మీరు నేర్పితే అక్కణ్ణుంచి నేను అందుకుంటాను," అంది ఆండాళ్.

మరుసటి బుధవారం ఆయన వచ్చాడు. చొక్కా వేసుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు. వేంకటాచలం మాస్టారు వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన వద్దని లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

అది మొదలు ఆండాళ్ ఒక పొడుగు పుస్తకం పెట్టి సైగలు బొమ్మలుగా గీసుకుంది. చందువ చేపకు రెండు అరచేతులూ ముఖం ముందు పళ్ళెంలా చేర్చాలి. కానాగంతకు వీపు మీద చారలు ఉంటాయట, అందుకని ముంజేతి మీద వేళ్ళతో అడ్డంగా గీయాలి. రొయ్యకు చూపుడువేలు కొక్కెంలా వంచి ఆడించాలి. దక్షిణపు గాలికి చెవి వెనక చెయ్యి, చాలు అంటే గుండె మీద రెండు తట్లు. అర్చకుల ఇంటి పిల్ల. చేపను వండగా చూసింది లేదు, ముట్టుకున్నది లేదు. ఏది కవ్వో ఏది కానాగంతో ఆమెకు తెలియక ప్రతిదానికీ సన్యాసయ్యను అడగడం, ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం. ఒకరోజు ఇంట్లో భోజనాల దగ్గర ఆమె తనకు తెలియకుండానే ముంజేతి మీద చారలు గీసుకుంటుంటే వాళ్ళ నాన్నగారు అదేమిటమ్మా అన్నారు. కానాగంత, నాన్నా, అంది. ఆయన మజ్జిగ పోసుకుంటూ, "ఆ పిల్లకి అర్థమవుతోందా మరి?" అని మాత్రం అడిగారు.

అర్థమవుతోందో లేదో డిసెంబరులో తెలిసింది.

అప్పటికి సైగ, బొమ్మ, రాత మూడూ పక్కపక్కన పెట్టి రెండు నెలలుగా చూపిస్తోంది ఆండాళ్. సంతోషి ఎప్పట్లాగే చక్కగా దించుతోంది. ఆ రోజు ఆండాళ్ బల్ల మీద రొయ్య బొమ్మ గీసి, కావాలనే దాని కింద 'చందువ' అని రాసింది. సుద్దముక్క సంతోషి చేతికిచ్చింది.

సంతోషి చెయ్యి బల్ల దాకా వెళ్ళి ఆగింది. బొమ్మ చూసింది, రాత చూసింది, టీచరు ముఖం చూసింది. సుద్దముక్క గూట్లో పెట్టేసింది. మూడేళ్ళలో బల్ల మీద ఉన్నది దించకుండా ఆ పిల్ల ఆగడం అదే మొదటిసారి. తర్వాత అరచేత్తో 'చందువ' మీద ఒక్క తుడుపు తుడిచి, టీచరుకేసి కాస్త కోపంగా చూస్తూ చూపుడువేలు కొక్కెంలా వంచి ఆడించింది. సుద్దముక్క మళ్ళీ తీసుకుని తనంతట తనే 'రొయ్య' అని రాసింది.

వేంకటాచలం మాస్టారు రెండో తరగతి పిల్లలకు లెక్క చెబుతున్నవారు ఆ లెక్క అక్కడే ఆపేశారు. మిగతా పిల్లలకు ఏం జరిగిందో అర్థం కాకపోయినా, మాస్టారు చప్పట్లు కొడుతుంటే వాళ్ళూ కొట్టారు. సంతోషి చుట్టూ చూసి, ఆ చప్పట్లు తనకేనని తెలుసుకుని, గబుక్కున బల్ల వెనక దాక్కుంది.

ఆ తర్వాత ఆ పిల్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కనిపించిన ప్రతిదానికీ రాత కావాలి. కుండ, గొళ్ళెం, కాకి, మాస్టారి కళ్ళజోడు. సముద్రపు సైగలకు ఆండాళ్ శిక్షణ పుస్తకంలోని సైగలు కలిపింది. అక్క, ఎందుకు, నిన్న, నాకు తెలుసు, నాకు తెలియదు. అయితే ఆండాళ్ వచ్చేది వారానికి రెండు రోజులే. తక్కిన నాలుగు రోజులూ ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలి? అందుకని రోజూ ప్రార్థన తర్వాత పది నిమిషాలు బడి మొత్తానికీ సైగలు నేర్పడం మొదలుపెట్టింది. తాను లేని రోజుల్లో ఆ పది నిమిషాలు మాస్టారు చూసుకోవాలి.

"యాభై ఏడేళ్ళమ్మా నాకు. వేళ్ళు వంగవు," అన్నారాయన.

"వంగినంతే వంచండి మాస్టారూ. దానికి అర్థమైపోతుంది."

పిల్లలు పది రోజుల్లో అందుకున్నారు. ఒకరోజు ఆండాళ్ వచ్చేసరికి మాస్టారు సంబరంగా, క్లాసులో అల్లరి తగ్గిపోయిందమ్మా, చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది అన్నారు. ఆండాళ్ కిటికీలోంచి చూసింది. పిల్లలందరూ బల్లల కింద చేతులు పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అందరికంటే ఎక్కువ వాగుతున్నది సంతోషి.

ఇంట్లో కూడా మార్పు వచ్చింది. కామేశ్ ఆదివారాలు వీడియో కాల్ చేసేవాడు. ఇన్నాళ్ళూ కూతురికి ఫోను చూపిస్తే ఇద్దరూ నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు భవాని ఫోను పట్టుకుంటే సంతోషి రెండు చేతులతో చెప్పుకుపోతుంది. అవతల కామేశ్ ఒంటి చేత్తోనే జవాబిస్తాడు. పడవ సైగలు అతనికీ పుట్టుకతో వచ్చినవే, వాటితో ఇంటి కబుర్లు కూడా చెప్పుకోవచ్చని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు.

"పదేల్లకి ఆల్లిద్దరూ మాటాడుకున్నారమ్మా," అని చెబుతూ భవాని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు నన్నే ఒగ్గీసినారు. ఏటి సెప్పుకుంటన్నారో నాకే తెల్దు. నాకూ బేగి నేర్పీయండి."

ఆ మాట ఊరంతా పాకింది. వేసవి సెలవులు అయ్యేసరికి ఇసకలపేటలో మూగి అన్న పిలుపు వినపడటం మానేసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పిల్లలు సంతోషికి ఒక సైగ పేరు పెట్టారు, బుగ్గ మీద సొట్ట చూపించడం. పెద్దలు కూడా అదే వాడుతున్నారు.

తర్వాతి జనవరిలో పలాసలో టీచర్లకు మూడు రోజుల శిక్షణ జరిగింది. చుట్టుపక్కల మండలాల నుంచి అరవై మంది వచ్చారు. చెవిటి పిల్లలున్న బళ్ళ టీచర్లు, ఆండాళ్ లాంటి ప్రత్యేక టీచర్లు. చివరి రోజున ఆండాళ్ అరగంట నమూనా పాఠం చెప్పాలని కబురు వచ్చింది. ఆమె కంప్యూటర్లో చూపించడానికి బొమ్మలు సిద్ధం చేసుకుంది. రెండు రోజులు వాటిని దిద్ది, దిద్ది, చివరికి కంప్యూటర్ మూసేసి సన్యాసయ్య ఇంటికి వెళ్ళింది.

"నేను చెబితే విన్నట్టే ఉంటారు తాతా. మీరు వచ్చి చెప్పాలి," అంది.

"టీచర్లకి నానేటి సెప్తానమ్మా?"

"నాకు చెప్పినదే చెప్పండి."

ఆ రోజు పొద్దున్న పూండిలో పాసింజరు ఎక్కారు నలుగురూ. సన్యాసయ్య కొత్త పంచె కట్టుకుని చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. సంతోషి యూనిఫాంలో ఉంది. వేంకటాచలం మాస్టారు సెలవు పెట్టి మరీ వచ్చారు.

హాల్లోకి అడుగుపెట్టాక ఆండాళ్‌కు భయం పట్టుకుంది. శిక్షణ ఇస్తున్నది మానస గారు, విశాఖలో బధిరుల పాఠశాల టీచరు. ఆవిడ సైగల భాషలో దిట్ట. పక్కన నిలబడిన కుర్రాడు ఆవిడ సైగల్ని మాటల్లోకి మారుస్తున్నాడు. సముద్రపు సైగలు కలిపి నేర్పావా, ఇదేం పద్ధతి అని ఆవిడ అంటే ఏం చెప్పాలి? ఇన్నేళ్ళూ చేసిన ఉద్యోగం కాంట్రాక్టుదే. ఊడిపోవడానికి ఒక్క మాట చాలు.

పేరు పిలిచారు. సన్యాసయ్య వేదిక ఎక్కాడు. నిర్వాహకుడు ఆయన చేతికి మైకు ఇచ్చాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"సేతిలో ఇదుంటే నానెలాగ మాటాడతాను బాబూ?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో ముసలాయన బెరుకు పోయింది. సంతోషిని నల్లబల్ల దగ్గర నిలబెట్టి, తాను వేదిక అవతలి చివరికి నడిచి, రేవులో దిబ్బ మీద నిలబడ్డట్టే నిలబడ్డాడు. చేతులెత్తాడు.

ఒక వేట రోజు మొత్తం చెప్పాడు. ఏ వైపు గాలి, పడవ ఎంత దూరం వెళ్ళాలి, నీరు ఎలా తిరిగింది, వలలో ఏం పడింది. నోరు మెదపలేదు. అవతల సంతోషి ఆయన చేతులు చూస్తూ బల్ల మీద రాసుకుపోతోంది. 'దక్షిణం గాలి వస్తోంది.' 'పడవ ఆపు.' 'ఎడమ తాడు వదులు.' 'చందువలు ఎక్కువ, కవ్వలు తక్కువ.' ఆ వాక్యాలు ఏ పుస్తకంలోనూ లేవు, ఎవరూ ఆమెకు రాసి ఇచ్చినవి కావు. చివర తాత గుండె మీద రెండు తట్లు తట్టి చేతులు దించాడు. సంతోషి 'ఇవాళ్టికి చాలు' అని రాసి చుక్క పెట్టింది.

చప్పట్లు ఆగాక మూడో వరసలో ఒక టీచరు లేచాడు. "బాగుంది మేడమ్. కానీ ఇవి మన పుస్తకంలో ఉన్న సైగలు కావు కదా. పిల్లకి తప్పు నేర్పినట్టు అవదా?"

ఆండాళ్ భయపడ్డ ప్రశ్న అదే. ఆమె నోరు తెరిచేలోగా, ఆ ప్రశ్నను కుర్రాడి సైగల్లో చూసిన మానస గారు చెయ్యెత్తి ఆపి తానే జవాబిచ్చారు. పక్కనున్న కుర్రాడు ఆ చేతులకు గొంతు ఇచ్చాడు.

"నాకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా మా ఇంట్లో మూడే సైగలు. అన్నం, నిద్ర, తంతాను. ఈ అమ్మాయికి వాళ్ళ తాత వంద ఇచ్చాడు. అవి తప్పెలా అవుతాయి? నాలాంటి వాళ్ళతో మాట్లాడటానికి ఆ పుస్తకం సైగలు కూడా రావాలి, ఆమె టీచరు అవీ నేర్పుతోంది. నాకు వినపడదు కానీ తెలుసు, మీరందరూ ఇంట్లో ఒక తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒక తెలుగు మాట్లాడతారు. మీ ఇంటి తెలుగు తప్పా?"

పై ఊళ్ళకు ట్రైనింగులకు వెళ్ళి, మీ యాస ఏమిటండీ అనిపించుకోని టీచరు ఆ హాల్లో ఒక్కరు లేరు. లేచి అడిగిన ఆయనే ముందు నవ్వి, "మా ఇంట్లో అయితే నాను ఏటి అనే అంటాను మేడమ్," అన్నాడు. ఈసారి చప్పట్లు చాలాసేపు మోగాయి.

తర్వాత భోజనాల దగ్గర ఆండాళ్ ఒక వింత చూసింది. సంతోషి మానస గారి వెనక నిలబడి, హాల్లోంచి తెచ్చుకున్న డస్టరును సిమెంటు నేల మీద పడేసింది. వస్తువు పడితే జనం తల తిప్పుతారని ఆ పిల్లకు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. మానస గారు తిరగలేదు, పెరుగన్నం కలుపుకుంటూనే ఉన్నారు. సంతోషి పరుగున ఆండాళ్ దగ్గరికి వచ్చింది. తన చెవి చూపించి, ఆవిణ్ణి చూపించి, కళ్ళతోనే అడిగింది. ఆండాళ్ తల ఊపింది.

'టీచరా?' అని చేతులతో అడిగింది సంతోషి.

'టీచరే.'

'నిజం టీచరా? జీతం ఇస్తారా?'

'నాకంటే ఎక్కువే ఇస్తారు.'

పెద్దయిన చెవిటి మనిషిని ఆ పిల్ల అంతవరకూ చూడలేదు. పెద్దయితే అందరికీ చెవులు వస్తాయనుకుందో, తనలాంటి వాళ్ళు పెద్దే అవరనుకుందో, ఆండాళ్ అడగలేదు. సంతోషి నెమ్మదిగా నడిచి వెళ్ళి మానస గారి ఎదుట నిలబడి, బుగ్గ మీద సొట్ట చూపించి తన పేరు చెప్పుకుంది. ఆవిడ ఎంగిలి చెయ్యి పక్కన పెట్టి, ఎడమచేత్తోనే తన పేరు చెప్పారు. కాసేపట్లో సన్యాసయ్య కూడా వెళ్ళి కూర్చున్నాడు. గాలి గురించో చేపల గురించో ముగ్గురూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మాటల్లోకి మార్చే కుర్రాడు పని లేక జీడిపప్పు నములుతూ నిలబడ్డాడు.

సాయంత్రం రైల్లో ఇసకలపేట నూకయ్య ఎదురుపడ్డాడు. గుండీలు పెట్టిన చొక్కాను ఎగాదిగా చూసి, "ఏటి మావా, పలాసలో నీకేటి పని?" అన్నాడు.

సన్యాసయ్య కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నాడు. తొందరపడలేదు.

"టీచర్లకి పాఠం సెప్పడానికి ఎల్లినాను. అరవై మంది వచ్చినారు. నానూ, మా సంతోషీ సెప్పినాం."

నూకయ్య నమ్మకం కుదరక మాస్టారికేసి చూశాడు. వేంకటాచలం మాస్టారు, "నేను కూడా విన్నాను నూకయ్యా," అన్నారు. ఆండాళ్ ముఖం బయటికి తిప్పుకుంది. జీడితోటలు వెనక్కి పోతున్నాయి, కళ్ళు మసకేసి సరిగ్గా కనపడటం లేదు.

ఆ జూన్‌లో సంతోషి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఆ పిల్ల పక్కనే కూర్చోవాలని ఆండాళ్ సెలవు కూడా అడిగి వచ్చింది. గేటు దగ్గర సైన్సు టీచరు కనిపించాడు, పలాస హాల్లో మూడో వరసలో లేచి ప్రశ్న అడిగిన ఆయనే. సంతోషిని చూసి, పుస్తకాలు చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో కష్టపడి, 'రా, ముందు వరసలో కూర్చో' అని చెప్పాడు. ఒక వేలు తప్పు వంచాడు. అయినా సంతోషికి అర్థమైంది. వెళ్ళి ముందు వరసలో కూర్చుని, పక్క పిల్లకు తన పేరు ఎలా పిలవాలో బుగ్గ మీద చూపించడం మొదలుపెట్టింది.

ఆండాళ్ కిటికీ బయట పావుగంట నిలబడింది. సంతోషి ఒక్కసారైనా ఆమెకోసం వెనక్కి చూడలేదు. చూడనందుకు ఆండాళ్‌కు గుండె నిండిపోయింది. గడియారం చూసుకుంది. పది కాలేదు. మధ్యాహ్నం దాకా అడిగిన సెలవు మిగిలిపోయింది. ఇప్పుడే బయల్దేరితే సంతబొమ్మాళి వైపు ఊళ్ళో, తన లెక్కలో కొత్తగా చేరిన ఆరేళ్ళ పిల్లవాణ్ణి భోజనాల వేళకల్లా చూడవచ్చు. ఆండాళ్ సంచి భుజానికి తగిలించుకుని, బస్టాపు వైపు గబగబా నడిచింది.